మిద్దె మీద పలికి గదిలో పలకని పికొలో: ఒక కేస్ స్టడీ

ఈ కేసు మా క్లాసులో నడిచింది. సంబంధించిన వ్యక్తి అనుమతితోనే రాస్తున్నాను. రాసింది ఆయన చదివి రెండు చోట్ల కొట్టేయమన్నారు, కొట్టేశాను. ఊరు, బడి, చర్చి, పాత ఉద్యోగం ఆనవాలు పట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఇక్కడ ఆయన్ని మాస్టారు అంటాను.

నేను తిరుపతిలో వేణువు, వెస్ట్రన్ ఫ్లూట్ రెండూ నేర్పుతాను. దేవస్థానం సంగీత కళాశాల ఉన్న ఊరు కాబట్టి వేణువుకు వచ్చేవాళ్ళే ఎక్కువ. వెస్ట్రన్ ఫ్లూట్‌కు గ్రేడ్ పరీక్షల పిల్లలు, చర్చి సంగీతంలో ఉన్నవాళ్ళు, అప్పుడప్పుడు బ్యాండువాళ్ళు వస్తారు. ఫ్లూట్‌లో చిన్నరకమైన పికొలో పట్టుకుని వచ్చేవాళ్ళు అరుదు. ఈ కేసులో లక్షణం పెదవి మీద కనబడింది, కారణం ఇంకోచోట ఉంది. అక్కడికి చేరేలోపు వరసగా కొట్టేసిన అనుమానాలు ఫ్లూట్ నేర్పే మరొకరికి పనికొస్తాయని రాస్తున్నాను.

నేపథ్యం

మాస్టారుకు యాభై దాటాయి. యూనిఫాం ఉన్న ఒక బ్యాండులో ఫ్లూట్ వాయిస్తూ సర్వీసు పూర్తి చేశారు. అందులో చాలా ఏళ్ళు పికొలో కూడా ఆయనదే. రిటైరయ్యాక చిత్తూరు వైపు సొంత ఊరికి వచ్చి ఒక ప్రైవేటు బడిలో పిల్లల బ్యాండుకు నేర్పుతున్నారు. ఫ్లూట్ ఏనాడూ వదల్లేదు. పొద్దున్నే స్కేళ్ళు, ఆదివారం చర్చిలో పాటలకు తోడు. పికొలోను మాత్రం సర్వీసు చివరి ఏళ్ళలో ఒక కుర్రవాడికి అప్పగించారు. అప్పటినుంచి, పన్నెండేళ్ళ పైచిలుకు, ఆయన సొంత పికొలో బీరువాలోనే ఉంది.

చిత్తూరు వైపు ఆర్కాట్ మిషన్ కాలం నుంచీ పాత చర్చిలు ఉన్నాయి. డిసెంబరు దగ్గర పడితే కేరల్ సర్వీసులకు, అంటే క్రిస్మస్ పాటల ఆరాధనలకు, వాయించేవాళ్ళ కోసం వెతుకులాట మొదలవుతుంది. మాస్టారు వెళ్ళే చర్చిలో ఆ ఏడు కాస్త పెద్దగానే చేద్దామనుకున్నారు: కోయిర్, వయొలిన్లు, క్లారినెట్, ట్రంపెట్, కీబోర్డు. ఆఖరి పాటలో కోయిర్ గొంతుల పైన పికొలో విడిగా ఎగిరేలా ఒక కుర్రాడు నోట్స్ రాసిచ్చాడు. మూడో ఆక్టేవ్‌లో, అంటే మూడో స్థాయిలో, ఏ (A) నోటు దాకా, రెండు బార్లలో (తాళం ఆవర్తాల్లో) బీ (B) దాకా పోతుంది. రాసినవాడు కీబోర్డు వాయిస్తాడు. వాడి వేలికి ఆ బీ, కింది బీ ఒకటే బరువు.

పికొలో తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఫ్లూట్ దాదాపు 67 సెంటీమీటర్లు, పికొలో అందులో సగం కంటే కొంచెం తక్కువ. వేళ్ళు దాదాపు అవే, చదివే నోట్లూ అవే, వినబడేది మాత్రం రాసినదానికి ఒక ఆక్టేవ్ పైన. ఫ్లూట్ ఒళ్ళంతా ఒకే వెడల్పు, తలభాగంలో సన్నబడుతుంది. చాలా పికొలోల్లో ఇది తిరగబడుతుంది, తలభాగం ఒకే వెడల్పుగా ఉండి ఒళ్ళు చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది. పైగా గొట్టం సగమయ్యేసరికి ప్రతి తేడా రెండింతలవుతుంది. హెడ్‌జాయింట్‌ను, అంటే తలభాగాన్ని, ఒక మిల్లీమీటరు బయటికి లాగితే ఫ్లూట్ మీద దిగే శ్రుతికి రెండింతలు దిగుతుంది. పెదవి మీద అర మిల్లీమీటరు జరిగినా అంతే.

సమస్య

"కింద బాగానే వుంది సార్. పైకి పోతానే పెదివి పట్టేస్తా వుంది. వయసైపోయినట్టుంది దీనికి" అని కింది పెదవిని వేలితో తట్టి చూపించారు.

విన్నాను. మొదటి ఆక్టేవ్‌లో కొంచెం గాలి శబ్దం కలుస్తోంది. రెండోది బాగుంది. మూడో ఆక్టేవ్‌లో ఈ (E) నోటు దగ్గర్నుంచి కథ మారుతోంది. నోటు ఒక్కోసారి రాదు, వస్తే అరుపులా వస్తుంది, శ్రుతి కొలిచే ట్యూనర్‌లో 30 సెంట్లు పైకి చూపిస్తుంది, అంటే స్వరస్థానానికీ స్వరస్థానానికీ మధ్య దూరంలో మూడో వంతు. మెల్లగా ఊదితే అసలు పలకడం లేదంటారు. పది నిమిషాలకే పెదవి మొద్దుబారుతోంది. మర్నాడు ఫ్లూట్ తీస్తే దాని నాదం కూడా పలచబడుతోందట. నిజానికి ఆయన్ని నా దగ్గరికి తెచ్చింది ఈ చివరి సంగతే. పికొలో రాకుంటే రాకపోయె, ఉన్న ఫ్లూట్ కూడా పోతుందేమోనని.

అప్పటికే ఇంట్లో ఆయన సాధన గట్టిగా చేశారు. రాత్రి ఫ్లూట్ అయ్యాక ఒక గంట పికొలో, అదీ పై నోట్లే, లాంగ్ టోన్లుగా, అంటే ఒక్కో నోటూ సాగదీసి. రానిచోటే పట్టుకుని కొట్టాలన్నది బ్యాండులో నేర్చుకున్న పద్ధతి. డ్రిల్లుకు అది పనికొస్తుంది. అలసిపోయిన పెదవికి మాత్రం నోటు రప్పించే దారి ఒక్కటే మిగులుతుంది, నొక్కిపెట్టడం. రోజూ గంటసేపు నొక్కుడే సాధన చేస్తే నొక్కుడే వస్తుంది. అందుకని మొదటిరోజే మూడో ఆక్టేవ్ కొంతకాలం ముట్టుకోవద్దన్నాను. ఆయనకు నచ్చలేదు. క్రిస్మస్‌కు వాయించాల్సింది ఆ ఆక్టేవ్‌లోనే కదా.

వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నారు: "మా మిద్దె మీద వాయిస్తే రవ్వంత నయం సార్. మీ రూములోనే శానా మోసంగా వస్తా వుంది." టీచరు ఎదురుగా ఎవరికైనా అలాగే ఉంటుంది. నోట్‌బుక్కులో రాసుకున్నాను.

ముందు వాద్యం

పన్నెండేళ్ళు బీరువాలో ఉన్న పికొలో వల్ల వచ్చే తప్పునూ, వాయించేవాడి తప్పునూ బయటినుంచి విడదీయలేం. అందుకే పెదవి జోలికి పోకుండా ముందు వాద్యం చూశాం. పల్చటి కాగితం ముక్క ఒక్కో పాడ్ (రంధ్రాన్ని మూసే మెత్త) కింద పెట్టి మూసి మెల్లగా లాగితే, పాడ్ పట్టుకుంటోందా లేదా తెలుస్తుంది. రెండు పాడ్లు గట్టిపడి ఒకవైపే ఆనుతున్నాయి. జీ షార్ప్ పాడ్ అతుక్కుని ఆలస్యంగా లేస్తోంది. క్లీనింగ్ రాడ్ మీది గీత ఊదే రంధ్రం నడిమధ్యలో కనబడాలి, అది పక్కకు జరిగి ఉంది, అంటే తలభాగంలోని కార్క్ ఎండి కదిలింది. కార్క్ కదిలితే ఒక ఆక్టేవ్‌కూ ఇంకో ఆక్టేవ్‌కూ శ్రుతి కుదరదు. మనిషి ఎంత సర్దినా అది సర్దుకునేది కాదు.

మా విద్యార్థుల ఇలాంటి రిపేర్లన్నీ చెన్నైకే పోతాయి. దీన్నీ పంపాం.

ఇదే అదనుగా కొత్తది, చెక్కది కొందామా అని మాస్టారు అడిగారు. గ్రెనడిల్లా చెక్క పికొలో నాదం గుండ్రంగా ఉంటుందన్నది నిజమే. నేను వద్దన్నాను. చెక్కకు మెల్లగా అలవాటు చేయాల్సిన రోజులుంటాయి. ఎండాకాలంలో మన ఊళ్ళ వేడి నుంచి ఏసీ గదిలోకి, అక్కడినుంచి బయటికి తిప్పితే చీలిక ప్రమాదం ఉంటుంది. ఇంకో కారణం, చెక్క హెడ్‌జాయింట్లకు మామూలుగా లిప్ ప్లేట్, అంటే పెదవి ఆనించే రేకు, ఉండదు. ఫ్లూట్ నుంచి వచ్చే పెదవికి లిప్ ప్లేట్ ఒక తెలిసిన గుర్తు. ఆయన దగ్గరున్నది ఏబీఎస్ ప్లాస్టిక్ ఒంటికి లోహపు హెడ్‌జాయింట్ ఉన్న మోడల్. విద్యార్థుల వాద్యం అని చిన్నచూపు చూస్తారు గానీ తిరిగి మొదలుపెట్టేవాళ్ళకు అంతకంటే నమ్మకమైనది నేను చూడలేదు.

పాడ్లు మార్చి తెచ్చాక మొదటి ఆక్టేవ్‌లో గాలి శబ్దం పోయింది. మూడో ఆక్టేవ్ కాస్త త్వరగా పలికింది. అరుపు, 30 సెంట్లు అలాగే ఉన్నాయి.

పెదవి, గాలి, వేళ్ళు

అప్పుడు పెదవికి వచ్చాం. ఫ్లూట్ కంటే పికొలోను కింది పెదవి మీద రవ్వంత పైకి ఆనించాలి. రంధ్రం చిన్నది కాబట్టి గాలి దాటాల్సిన దూరం తక్కువ. మాస్టారు ఫ్లూట్ పెట్టినచోటే పెట్టి, మిగిలిన దూరాన్ని పెదవి ముందుకు సాచి పూడుస్తున్నారు. అద్దం ముందు కూర్చుని దీన్ని సరిచేశాం.

గాలి విషయం ఆయనకు వింతగా తోచింది. ఊపిరి చాలడం లేదేమో అనుకుంటున్నారు, అసలు చిక్కు ఊపిరి మిగిలిపోవడంలో ఉంది. పికొలోకు గాలి వేగంగా కావాలి, ఎక్కువగా అక్కర్లేదు. ఫ్లూట్‌కు పీల్చినంతా పీల్చి, అందులో కొంచెమే ఖర్చు చేసి, పాతగాలి లోపలే ఉండగా దానిమీద మళ్ళీ పీలుస్తున్నారు. నాలుగు వాక్యాలకు భుజాలు పైకి లేచి మెడ బిగుస్తోంది. విరామం వచ్చినప్పుడల్లా ముందు వదలడం, తర్వాత సగం పీల్చడం అలవాటు చేశాం. మెడ బిగుపు చాలావరకు దీనితోనే పోయింది.

సాధన వరస తిరగేశాను. పెదవి తాజాగా ఉన్నప్పుడే ముందు పికొలో, కాసేపే, కింది రెండు ఆక్టేవ్‌లలోనే. తర్వాత ఫ్లూట్. మధ్యలో ఇంకోసారి కాసేపు పికొలో, మళ్ళీ ఫ్లూట్. ఒకదాని నుంచి ఇంకోదానికి మారడమే ఇక్కడ సాధన, నోట్లు కాదు. కొన్ని వారాల్లో ఫ్లూట్ నాదం వెనక్కి వచ్చింది. పికొలో పడితే ఫ్లూట్ పాడవుతుందని వాయించేవాళ్ళలో ఒక భయం ఉంది. నేను చూసినంతలో ఫ్లూట్‌ను పాడుచేసేది పెదవి నొక్కుడు. అది పికొలో లేకుండానూ వస్తుంది.

వేళ్ళలో మార్పులు కొన్నే. మూడో ఆక్టేవ్ ఈ (E) నోటుకు కుడి చిటికెనవేలు ఎత్తేయడం, ఎఫ్ షార్ప్‌కు కుడి ఉంగరపువేలి బదులు నడిమివేలు, జీ షార్ప్‌కు కుడి నడిమివేలు, ఉంగరపువేలు కలపడం. ఫ్లూట్ మీదా పనికొచ్చేవే, కానీ అక్కడ అవి లేకున్నా గడిచిపోతుంది. మొదటి రెండింటితో నోటు పలకడం సులువైంది, మూడోదానితో జీ షార్ప్ కొంత నిలకడగా, కొంత కిందికి వచ్చింది. కొంతే.

ట్యూనర్ ఎదురుగా పెట్టుకుని సరిచేద్దామన్నది మాస్టారు ఆలోచన. ముల్లు పైకి పోతే ఆయన వాద్యాన్ని లోపలికి తిప్పుతారు, ముల్లు మధ్యకు వస్తుంది, నాదం మూసుకుపోతుంది. మూసుకుపోయిందని గట్టిగా ఊదుతారు, ముల్లు మళ్ళీ పైకి. ఒకటి సరిచేస్తే రెండోది చెడే చోట ట్యూనర్ ఫలితాన్ని చూపిస్తుందే గానీ కారణాన్ని చూపించదు. దాన్ని తీసి పక్కన పెట్టించాను.

గదా, మిద్దెనా

ఇక్కడికి వాద్యం బాగుంది, పెదవి చోటు బాగుంది, గాలి బాగుంది, వేళ్ళు బాగున్నాయి. ఫ్లూట్ మూడో ఆక్టేవ్ ఆయనకు ఎప్పుడూ శుభ్రంగానే పలికింది. పికొలో మూడో ఆక్టేవ్ మాత్రం ఇంకా అరుస్తోంది. అప్పుడు నోట్‌బుక్కులోని మిద్దె మాట మళ్ళీ చూశాను.

మిద్దె మీద వాయించి ఫోన్‌లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపమన్నాను. వచ్చింది వింటే ఆయన మాట నిజం. అదే పాట, అదే మనిషి, పై నోట్లు తేలిగ్గా ఉన్నాయి, శ్రుతి గదిలో కంటే దాదాపు 15 సెంట్లు కింద.

మొదట వేడి లెక్క వేశాను. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే గొట్టం శ్రుతి దాదాపు 3 సెంట్లు పెరుగుతుంది. వాయించేవాడి ఊపిరి వేడి లోపల ఉంటుంది కాబట్టి తేడా అంత పూర్తిగా రాదు, కానీ దిశ మారదు. నా గది ఏసీది. సాయంత్రం మిద్దె అంతకంటే చాలా డిగ్రీలు వేడి. వేడే కారణమైతే మిద్దె మీద శ్రుతి పెరగాలి. తగ్గింది. కాబట్టి వేడి కారణం కాదు, వేడిని మించిన ఇంకేదో దాన్ని కిందికి లాగింది.

మిగిలింది గోడలు. నా గది చిన్నది, కింద టైల్స్, పక్కింటివాళ్ళ కోసం కిటికీలు మూసి ఉంటాయి. మిద్దె మీద శబ్దం పోతే పోతుంది, తిరిగి రాదు.

మరుసటి క్లాసులో వాద్యాన్ని వదిలేసి ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. జీ షార్ప్ రావడానికి ఒక్క క్షణం ముందు, ఇంకా శబ్దం పుట్టకముందే, కళ్ళు చిట్లాయి, తల రవ్వంత ఎడమకు తిరిగింది, పెదవి కొసలు బిగిశాయి. టపాకాయ వత్తి అంటించేవాడి మొహం అది. నోటు కష్టమై బిగుసుకునేవాళ్ళలో బిగుపు శబ్దంతో పాటు వచ్చి శబ్దంతో పెరుగుతుంది. ఇక్కడ ముందే వచ్చేసింది.

అంకెలు చూస్తే ఇది అర్థమవుతుంది. ఫ్లూట్ మూడో ఆక్టేవ్ దాదాపు 1,175 హెర్ట్‌జ్ నుంచి 2,093 వరకు. పికొలోలో అవే వేళ్ళకు 2,349 నుంచి 4,186 వరకు. మనిషి చెవికి అన్నిటికంటే పదును ఎక్కువగా ఉండేది 3,000, 4,000 చుట్టుపక్కలే. పైగా ఫ్లూట్ కుడివైపు దూరంగా సాగుతుంది, పికొలో కుడి చెవి పక్కనే అయిపోతుంది. ఫ్లూట్ మూడో ఆక్టేవ్‌కు, పికొలో మూడో ఆక్టేవ్‌కు ఆయన పెదవిలో అంత తేడా ఉండక్కర్లేదు. చెవికి మాత్రం తేడా చాలా ఉంది.

మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్ ఒకటి ఇచ్చి, ఎందుకో చెప్పకుండా, కుడి చెవిలో పెట్టుకుని అదే చోటు వాయించమన్నాను. జీ షార్ప్ వచ్చింది. మొహం కదల్లేదు. నేను చాటుగా పెట్టుకున్న ట్యూనర్‌లో 10 సెంట్ల దగ్గర ఆగింది. మాస్టారు వాయించడం ఆపి పికొలో వైపు చూశారు.

ఒక అనుమానం మిగిలింది. కొత్త వస్తువు ఏదిచ్చినా మనిషి కాసేపు బాగా వాయిస్తాడు. అందుకని ప్లగ్‌ను ఎడమ చెవికి మార్పించి, కుడి చెవి తెరిచి ఉంచాను. కళ్ళు మళ్ళీ చిట్లాయి, నోటు మళ్ళీ అరిచింది. తిరిగి కుడికి మారిస్తే సర్దుకుంది.

డాక్టరు దగ్గర

ప్లగ్‌తో పని జరుగుతోంది కదా అని అక్కడ ఆగలేదు. శబ్దానికి ముందే మొహం చిట్లించేంతగా ఒక చెవి భయపడుతోందంటే అది సంగీతం టీచరు తేల్చేది కాదు. అడిగితే అప్పుడు చెప్పారు, రాత్రిళ్ళు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కుడి చెవిలో గుయ్‌మంటుందని. బీపీ వల్లేమో అనుకుని ఊరుకున్నారట. ఈఎన్‌టీ దగ్గరికి పంపాను. వినికిడి పరీక్ష గ్రాఫు ఆడియోగ్రామ్‌లో కుడి చెవికి 4,000 హెర్ట్‌జ్ దగ్గర గుంట కనబడింది, అంటే ఆ చోట వినికిడి తగ్గింది. ఎడమకు అదే చోట చిన్నది. ఏళ్ళ తరబడి పెద్ద శబ్దంలో ఉన్నవాళ్ళలో ఇలాగే ఉంటుందని, ఉన్నది కాపాడుకోవాలని డాక్టరు చెప్పారు.

ఈ పాపమంతా పికొలోదే అనడానికి లేదు. బ్యాండులో వెనక ట్రంపెట్లు, పక్కన డ్రమ్ములు, సింబల్స్. ఇయర్ ప్లగ్ పెట్టుకోవడం ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు, పెట్టుకున్నవాడిని నవ్వేవాళ్ళేమో కూడా.

డాక్టరు చెప్పిన ఇంకో సంగతితో చిక్కు పూర్తిగా విడిపోయింది. ఇలాంటి చెవికి ఆ స్థాయిలో మెల్లని శబ్దం వినబడదు, కానీ శబ్దం కొంచెం పెరిగేసరికి ఒక్కసారిగా భరించలేనంత గట్టిగా తోస్తుంది. మధ్యలో ఉండాల్సిన మెట్లు కుదించుకుపోతాయి. మాస్టారు మెల్లగా ఊదినప్పుడు ఏమీ రావడం లేదన్నది గుర్తుంది కదా. కొన్నిసార్లు వస్తోంది, నేను విన్నాను. ఆయనకు వినబడలేదు. వినబడలేదని గాలి పెంచారు, పెంచేసరికి చెవికి తగిలింది, తగులుతుందని తెలిసి ముందే పెదవి బిగించారు.

శబ్దం లెక్క కూడా ఒకటి చెప్పాను. అమెరికాలో పనిచోట్ల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెళ్ళ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. 3 డెసిబెళ్ళు పెరిగిన ప్రతిసారీ వ్యవధి సగమవుతుంది: 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. ఫోన్ యాప్ కొలత అంత నమ్మదగ్గది కాకపోయినా, నా గదిలో ఆయన కుడి భుజం దగ్గర పై నోట్లకు అది 100 దాటింది. రాత్రిపూట గంట సాధనను ఈ లెక్కతో పోల్చుకుని చాలాసేపు మాట్లాడలేదాయన.

ఏం పనిచేసింది

ఫోమ్ ప్లగ్ పరీక్షకు సరిపోయింది, సాధనకు సరిపోలేదు. అది పై శబ్దాలను ఎక్కువగా, కింది శబ్దాలను తక్కువగా తగ్గిస్తుంది. వాయించేవాడికి తన నాదం దుప్పటి కింద ఉన్నట్టు తోస్తుంది, దాంతో మళ్ళీ గాలి పెంచుతాడు. అన్ని స్థాయిలనూ దాదాపు సమానంగా తగ్గించే, సంగీతకారుల కోసం చేసిన ప్లగ్స్ ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఇంట్లో రెండు చెవులకూ, బృందంలో కుడి చెవికి మాత్రమే. ఎడమ చెవి తెరిచి ఉంటేనే కోయిర్ వినబడుతుందన్నారు, అది సబబే. గదిలో మందపాటి కర్టెన్లు కట్టించి, కింద జంపఖానా పరిచాను. నాకూ రెండు ప్లగ్స్ కొనుక్కున్నాను.

మూడో ఆక్టేవ్‌ను తిరిగి తెరిచాం, సమయం కట్టడితో. రోజు మొత్తంలో పావుగంట దాటకూడదు, అదీ ముక్కలుగా. మిగతా పాట సాధన ఒక ఆక్టేవ్ కింద, లేదా ఫ్లూట్ మీద. వేళ్ళు అవే కాబట్టి వేళ్ళ పని ఎక్కడ చేసినా జమవుతుంది.

అసలు కష్టం శ్రుతి. తనకు సరిగా వినబడని చోట శ్రుతి ఎలా చూసుకోవాలి? ఇక్కడ రెండు ఉపాయాలు పనిచేశాయి. ఒకటి, నేను ఫ్లూట్ మీద ఒక ఆక్టేవ్ కింద అదే నోటు పట్టుకోవడం. రెండూ సరిగ్గా కలవకపోతే శబ్దంలో ఊగుడు వస్తుంది, తేడా తగ్గేకొద్దీ ఊగుడు నెమ్మదించి ఆగుతుంది. తంబురాకు శ్రుతి చేసేవాళ్ళకు ఇది తెలిసిన విద్యే. నోటు ఎత్తు తెలియకున్నా ఊగుడు మాస్టారుకు తెలిసింది. పెదవిని వదులు చేస్తే ఊగుడు ఆగుతుందని తెలిశాక, వాద్యం లోపలికి తిప్పడం దానంతటదే మానేశారు.

రెండోది రికార్డింగ్. సాధనను ఫోన్‌లో తీసి సగం వేగంతో వినడం, శ్రుతి కూడా దిగేలా సెట్టింగ్ పెట్టుకుని. అలా వింటే పికొలో ఒక ఆక్టేవ్ కిందికి, ఫ్లూట్ స్థాయికి వస్తుంది. చెవిలోని గుంట నుంచి బయటపడుతుంది. తను మెల్లగా వాయించిన పై నోట్లు నిజంగానే పలికాయని ఆయనకు మొదటిసారి రుజువైంది ఇలాగే. "ఇది నేనేనా సార్" అన్నారు. ఈ రుజువు దొరికాక మెల్లగా ఊదే ధైర్యం వచ్చింది. పెదవి మొద్దుబారడం ఆ తర్వాతే తగ్గింది.

నోటుకు ముందు దాన్ని గొంతుకు అందే కింది ఆక్టేవ్‌లో పాడుకుని ఊదడం కూడా చేయించాను. వేణువు పిల్లలకు నేను మొదటినుంచీ చేయించేదే. బ్యాండు నుంచి వచ్చిన మనిషికి సిగ్గుగా అనిపించింది, పెద్దగా చేయలేదు. దానివల్ల ఎంత లాభమో ఈ కేసులో చెప్పలేను.

బీ సంగతి మిగిలింది. ఏ (A) దాకా నోట్లు నమ్మకంగా వచ్చాయి. ఆ పైన బీ దాదాపు 3,951 హెర్ట్‌జ్, ఆడియోగ్రామ్‌లో గుంట సరిగ్గా ఉన్నచోటు. దాన్ని రప్పించాలంటే వినబడనిదాన్ని బలంతో రప్పించాలి, అంటే ఇన్ని వారాలు మాన్పించిన అలవాటునే మళ్ళీ పిలవాలి. నోట్స్ రాసిన కుర్రాడితో మాట్లాడమన్నాను. ఆ రెండు బార్లు వాడు ఒక ఆక్టేవ్ కిందికి మార్చి, పై బీ వయొలిన్‌కు ఇచ్చాడు. కొన్ని నెలలు ఆగితే బీ వచ్చేదేమో. వచ్చినా అడిగేవాణ్ణి కాదు. కేరల్ సర్వీసు జరిగింది. పై నోట్లలో ఒకటి జారిందని మాస్టారే చెప్పారు, మిగతావి నిలబడ్డాయట. ఆ మర్నాడు ఫ్లూట్ మామూలుగానే పలికింది. నేను వాకబు చేసింది ముఖ్యంగా అదే.

ఇప్పుడు మారినవి

తిరిగి వాద్యం పట్టేవాళ్ళు నా దగ్గరికి వస్తే మొదటి పరిచయంలోనే చెవి గురించి అడుగుతున్నాను: ఏ చోట్ల పనిచేశారు, రాత్రి చెవిలో శబ్దం ఉంటుందా, టీవీ సౌండ్ ఎవరు పెంచుతారు. ఈ మూడోది ఇంట్లోవాళ్ళను అడగాలి. పై నోట్లు గదిలో ఒకరకంగా, బయట ఒకరకంగా వస్తున్నాయంటే శ్రద్ధగా రాసుకుంటాను, నా ఎదుటే గది కూడా మార్చి చూస్తాను. నోటుకు ముందు మొహం, నోటులో మొహం విడివిడిగా చూస్తాను. వాద్యం, పెదవి, గాలి, వేళ్ళు అన్న వరసను మాత్రం మార్చలేదు. పాడ్లు, కార్క్ బాగుచేయించకుండా ఆ ప్లగ్ పరీక్ష పెట్టి ఉంటే ఫలితం ఇంత తేటగా కనబడేది కాదు.

మాస్టారు పికొలో సాధన వారానికి మూడు రోజులకు తగ్గించుకుని కొనసాగిస్తున్నారు. ఏడాదికోసారి ఆడియోగ్రామ్ తీయించుకోమని డాక్టరు చెప్పారు. బడి బ్యాండులో డ్రమ్ములు, సింబల్స్ వాయించే పిల్లలకు కూడా ఇయర్ ప్లగ్స్ కొనివ్వమని ఆయన యాజమాన్యాన్ని అడిగారు. ముందు యూనిఫాంల లెక్క తేలనివ్వమన్నారట. ప్రస్తుతానికి ఫోమ్‌వి ఒక పెట్టె ఆయనే కొనిచ్చారు.